బెల్‌బాటం వెనకాల పరుగు

పుల్లటి వాసన.

పుస్తకం తెరిచినప్పుడల్లా అదే వాసన. మైదాపిండి ఉడకబెట్టి చేసిన లై వాసన... నలభై ఆరేళ్ల కిందటి లై. కిటికీలోంచి ఎండ పడితే చాలు, మళ్లీ మేల్కొంటుంది.

రేణుకమ్మకు ఆ వాసనంటే ఒళ్లు మంట.

కొత్తకోటలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను. వెనక గదిలో మంచం. మంచం కింద బియ్యం లేవు, బట్టలు లేవు. పేపరు ముక్కలు అతికించిన లావు పుస్తకాలున్నాయి — ఏడు.

ఆమె భర్త కురుమూర్తి దర్జీ. కానీ జీవితంలో ఆయన గుడ్డ కన్నా కాగితమే ఎక్కువ కత్తిరించాడని ఆమె అనుమానం.

ఏముంటుంది వాటిలో?

వనపర్తి నుంచి వారానికోసారి వచ్చేది 'జొన్నకంకి' అని నాలుగు పేజీల పత్రిక. ఎప్పుడో మూతబడింది. అందులోని ప్రకటనలు ఆయనకు ప్రాణం. పెండ్లిళ్లకు గద్వాల చీరలు ఆర్డరుపై నేయబడును. రేడియోలు రిపేరు చేయబడును. ఇటిక్యాల దగ్గర ఎద్దు తప్పిపోయినది — ఎడమ కొమ్ము విరిగి ఉండును, పేరు పెట్టి పిలిచిన వచ్చును.

ఆ పేరేమిటో రాయలేదు!

ఎద్దు దొరికిందో లేదో ఎవరికీ తెలియదు. దాని ప్రకటన మాత్రం మంచం కింద భద్రంగా ఉంది. దుమ్ము దులిపిందెవరు? రేణుకమ్మ. చెదలు పట్టకుండా ఏటేటా వేపాకు పెట్టిందెవరు? రేణుకమ్మే.

మొదటి పుస్తకం, మొదటి పేజీ... అది ఆయన సొంత ప్రకటన. 1977.

'కురుమూర్తి టైలర్స్' అని పైన లావు నల్లక్షరాలు. కింద బెల్‌బాటం ప్యాంటు బొమ్మ. 'కొలత మీది, కోత మాది.'

ఆ పేజీ చూడకుండా ఆ ఇంట్లో చాయ తాగి వెళ్లిన చుట్టం లేడు.

మొన్న ఆదివారం నాగర్‌కర్నూల్ నుంచి జగదీశ్ వచ్చాడు. కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. పాత పత్రికలతో ప్రదర్శన పెడతాడట. కురుమూర్తి పొంగిపోయాడు. ఏడు పుస్తకాలూ ఒక్కొక్కటే లాగాడు. ఇంకొకడు దొరికాడనుకుంటూ రేణుకమ్మ చాయ పెట్టింది.

మొదటి పేజీ కుట్టు ఊడి జగదీశ్ చేతిలోకి వచ్చేసింది. అతను దాన్ని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు.

ఎండ కాగితంలోంచి వచ్చింది.

ప్యాంటు బొమ్మలో కాళ్లు కనిపించాయి. చెప్పుల్లేని కాళ్లు. పరుగెత్తే కాళ్లు.

"పెద్దమ్మా, గీ ముక్క ఎనక ఎవరో ఆడపిల్ల ఉరుకుతుంది."

రేణుకమ్మ చాయ గ్లాసు కింద పెట్టింది. పెట్టాల్సిన చోట కాదు, నేల మీద.

నడుముకు బిగించి దోపిన లంగాఓణీ. ఛాతీ మీద పిన్నుతో గుచ్చిన గుడ్డ, దాని మీద ఏడో నంబరు. ఆమెకు వేరే గుర్తు అక్కర్లేదు.

నాగర్‌కర్నూల్ మైదానం. ఎర్రటి ఎండ. కాలుతున్న మట్టి... బిజినేపల్లి బడి నుంచి వెళ్లిన రేణుక, పదహారేళ్ల రేణుక, పరుగుపందెంలో అందరికన్నా ముందు తాడు తాకింది. ఆ వారం 'జొన్నకంకి'లో అచ్చయిన ఫోటో అదొక్కటే. పెళ్లికి ముందు ఆమెకున్న ఫోటో కూడా అదొక్కటే. ఆ ముఖం ఎలా ఉండేదో ఆమెకే గుర్తు లేదు.

ఆ పేపరు నలగకుండా పెట్టె అడుగున పరిచి దాచుకుని, కాపురానికి తెచ్చుకుంది.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి పేపరు లేదు.

'నా కాగితమేది?' అని అడిగింది. ఎలుకలు కొట్టి ఉంటాయన్నాడు ఆయన. ఏ కాగితమని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇప్పుడు తెలిసింది ఎలుక ఎవరో.

"పెట్టెల అడుగున పరిసిన పేపరనుకున్ననే," అన్నాడు కురుమూర్తి, ఎండలోని కాళ్లను చూస్తూ. "అందరు పరుస్తరు గదా. దాంట్ల నా పేరు కనవడె... కత్తిరిస్తి."

కత్తిరిస్తి!

పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఈయన చెప్పే మొదటి మాట ఒకటుంది — కత్తెర పెట్టే ముందు గుడ్డ ఉల్టా సీదా చూడు. వేలసార్లు చెప్పాడు. అన్నం తింటూ చెప్పాడు, జ్వరంలో చెప్పాడు. చెప్పినాయన మాత్రం ఒక్క కాగితాన్ని తిరగేసి చూడలేదు.

"ముఖం అగుపిస్తలేదా?" అంది ఆమె.

కనిపించడం లేదు. కాళ్లున్నాయి, నడుముంది, ఊపిన చేయి ఉంది. ముఖం ఉండాల్సిన చోట ఎండ ఆగిపోయింది. అక్కడ ముందువైపు లావు నల్లక్షరాలున్నాయి.

కురుమూర్తి టైలర్స్.

"తడిపితే లై ఇడుస్తది," అన్నాడు జగదీశ్ ఇబ్బందిగా. "కానీ పాత కాగితం పెద్దమ్మా... అచ్చు నిలుస్తదో లేదో తెల్వదు. రెండు దిక్కులా పోవచ్చు."

"గట్లనే ఉండనీ," అన్నాడు కురుమూర్తి వెంటనే.

జగదీశ్ మిగతా ఆరు పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పేజీ ఇంట్లో ఉండిపోయింది. గిన్నెలు మోగాయి, చెంబు మోగింది, తలుపు మోగింది. మూడు రోజులు.

మూడో రోజు అన్నం వడ్డిస్తూ ఆమె అంది —

"పొయ్యి ఎలిగిచ్చనీకె మీ అమ్మ తీసిందనుకుంటి. సచ్చేదాంక ఆమెను తిట్టుకుంటి. నోట్లె ముద్ద పెట్టుకుంట గూడ లోపల తిట్టుకుంటి."

కురుమూర్తి చేయి పళ్లెంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం. వాకిట్లో ఎండ... పైన గాలి లేదు, కింద నీడ లేదు.

ఆయన ఇస్త్రీపెట్టె వేడి చేశాడు. బల్ల మీద పేజీ పరిచాడు. తడిపి పిండిన గుడ్డ దాని మీద వేశాడు. ఆమెను అడగలేదు. ఆమె వచ్చి పక్కన నిలబడింది.

పెట్టె ఆనించాడు. సుయ్‌మని ఆవిరి లేచింది.

ఒక అంచు లేచింది. ఆయన గోటితో పట్టుకుని లాగాడు, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా... చాతనైన పనోడే, పాడు మనిషి. పాదం వచ్చింది. మట్టిని తన్నుతున్న పాదం. మోకాలు వచ్చింది. నంబరు వచ్చింది. దాని వెనకాలే, ఇవతలివైపు, బెల్‌బాటం ప్యాంటు పొట్టు పొట్టుగా రాలుతోంది.

ఆయన పేరు మొదలయ్యే చోట చేయి ఆగింది.

"ఇంక లాగాల్నా?"

ఇప్పుడు అడుగుతున్నాడు మహానుభావుడు! నలభై ఆరేళ్ల తర్వాత, ఆ పేరు మీదికి వచ్చాక. ఆమెకు ఏడుపు వచ్చేంత కోపం వచ్చింది. భయం కూడా వేసింది. లాగితే ముఖం ఉండవచ్చు. లాగితే ముఖమూ ఉండదు, పేరూ ఉండదు, ఇద్దరికీ తడి పొట్టే మిగలవచ్చు.

"నీ పేరు పోతదేమో," అంది.

"పోతె పోనీ."

ఆమె ముందుకు వంగింది. ఆయన వేళ్ల పక్కనే తన వేళ్లు పెట్టి అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు.

కిటికీలోంచి ఎండ. ఎండలో ఆవిరి.

పుల్లటి వాసన...