తుమ్మితే విరిగిన ఎముక

గున్వోర్ గట్టిగా తుమ్మింది. పక్కటెముక పటుక్కుమంది. ఇరవై ఆరేళ్లుగా కొండల నడుమ సముద్రపు పాయైన ఫ్యోర్డ్‌ మీద అటూ ఇటూ ఫెర్రీ నడుపుతున్న ఆవిడ, ఆరునెలల నడుంనొప్పిని మాత్రలతోనే నెట్టుకొస్తోంది. చెల్లెలు రాగ్న ఈసారి ఊరుకోలేదు, రెక్కపట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"తుమ్మితే ఎముక విరగడమేమిటండీ?" అని డాక్టరు ఎస్కిల్ ఆమె రక్తం, మూత్రం పరీక్షకు పంపించాడు. సెలవు పెట్టమన్నా గున్వోర్ వినలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ఫెర్రీ ఒడ్డు విడవగానే ఫోన్ మోగింది. చుక్కాని సహాయకుడికి అప్పగించి ఎత్తింది.

"ఇంకా ఆ నొప్పి మాత్రలు వేసుకుంటున్నారా?" ఎస్కిల్ గొంతులో తొందర.

"పొద్దున రెండు మింగాను. ఏం?"

"ఇక ఒక్కటి కూడా వద్దు. మీ కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కాల్షియం బాగా పెరిగింది. రక్తంలో ఒకే రకం ప్రోటీన్ పేరుకుపోయింది. దిగగానే పెద్దాసుపత్రికి వెళ్లండి, వాళ్లకు చెప్పి ఉంచాను."

"రేపు వెళ్తే?"

"లేదండీ. ఇవాళే."

పద్దెనిమిది నిమిషాల ప్రయాణం. కింద జనం స్వేలె అట్లు తింటూ కబుర్లాడుకుంటున్నారు. ఆమెకు ఆవలి ఒడ్డు ఎంతకీ దగ్గరపడలేదు.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఒళ్లంతా స్కాన్ తీస్తే ఎముకల్లో పురుగు తొలిచినట్టు చిన్న చిన్న చిల్లులు కనిపించాయి. మర్నాడు పక్కకు తిప్పి పడుకోబెట్టి, తుంటి ఎముకలోకి సూది దించారు. మత్తిచ్చినా, మజ్జను లాగే క్షణంలో ప్రాణం జివ్వుమని, పక్కనే ఉన్న చెల్లెలి వేళ్లు నొక్కేసింది.

"అక్కా, నా వేళ్లు విరగ్గొడతావా ఏంటి?" అంది రాగ్న.

"నవ్వించకే, పక్కటెముక!"

ఫలితానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడుకున్నారు. ఐదోరోజు ఆసుపత్రి డాక్టరమ్మ మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మజ్జలో పదింట నాలుగు కణాలు ఒకే మూసవి, ప్లాస్మా కణాలు. ఎముకలకు చిల్లులు, కిడ్నీలకు దెబ్బ, రక్తంలో ఆ ప్రోటీన్, అన్నీ ఒక్కదాన్నే చూపిస్తున్నాయి. మల్టిపుల్ మైలోమా. ఒక రకం రక్త క్యాన్సర్."

"పోతానా?"

"పూర్తిగా నయం చేస్తానని మాటివ్వలేను. అణచి ఉంచే మందులున్నాయి, వాటితో ఏళ్లతరబడి బతుకుతున్నవాళ్లున్నారు. మీ కిడ్నీలు కోలుకునే ఆశ ఉంది. రేపే మొదలుపెడదాం."

రాగ్న కళ్లు తుడుచుకుంది. గున్వోర్‌కు మాత్రం భయంతోపాటే ఒళ్లు కాస్త తేలికపడింది. తనను పీడిస్తున్నది ఏమిటో తెలిసింది.

"రేపు ఎన్నింటికి మొదలుపెడతారు?" అంది.