దంతపు హంస

తెలంగాణ కోసం సమ్మె నడిచినన్నాళ్లూ ఓపెన్‌కాస్టు గనిలో ఒక్క బ్లాస్టింగూ లేదు. రోజూ మధ్యాహ్నం గోడలు అదరడం మానేసేసరికి గోదావరిఖని ఆ సంగతే మరిచిపోయింది. కొమురెల్లి అయితే మరీను. బొగ్గుబాయి పని లేక, తండ్రి నేర్పిన వీణల మరమ్మతుకు కూర్చున్నాడు.

సమ్మె విరమించిన మర్నాడు, చంద్రమతమ్మ వీణ మీద ఊడిపోయిన దంతపు హంసను లక్కతో అతికించబోతుంటే బ్లాస్టింగు సైరన్ మోగింది. ఎన్నాళ్లకు విన్నానని మురిశాడే గానీ పని ఆపలేదు మహానుభావుడు. గోడలు దడదడలాడాయి. పట్టకారు జారింది. హంస మెడ పుటుక్కున విరిగింది.

ఏనుగు దంతం అమ్మడమే నేరం, ఇక కొనేదెక్కడ? అయినా అతని గుండెలో రాయి పడింది దంతం గురించి కాదు. చంద్రమతమ్మ కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు భార్య. తనేమో సమ్మె శిబిరంలో కూర్చున్నవాడు. పగబట్టి విరగ్గొట్టాడని ఆమె అనుకుంటే? ఆ మాట పడి బతకడం తనవల్ల కాదు.

“బర్రె ఎముకతోటి ఇంకోటి చెక్కు. ఎవలు గుర్తువడ్తరు?” అంది భార్య సారవ్వ.

చెక్కాడు. అచ్చం అట్లాగే వచ్చింది. వీణకు అతికించాడు గానీ, విరిగిన ముక్కలను పారెయ్యలేక కాగితంలో పొట్లం కట్టాడు.

ఆ వారం చివర, మధ్యాహ్నం పూట చంద్రమతమ్మ వచ్చింది. “ఎంత బాగా అతికించావయ్యా! మా అమ్మ దీన్ని తాకి గాని తీగ మీటేది కాదు,” అంటూ ఎముక హంసను నిమరబోయింది.

“ఆగుండ్రి అమ్మా.” కొమురెల్లి గబగబా కాగితం పొట్లం విప్పాడు. “మీ హంస గిది. బ్లాస్టింగుకు నా చెయ్యి అదిరి విరిగింది. కావాలని చెయ్యలే. నమ్ముతరో లేదో మీ ఇష్టం.”

ఆమె ముక్కలను అరచేతిలోకి తీసుకుని, విరిగిన చోట ఒకదానికొకటి ఆనించి చూసింది.

“నీ హంస తీసెయ్. ఇదే అతికించు,” అంది చంద్రమతమ్మ.

లక్క కాచాడు. ముక్కలు రెండూ గాడిలో కూర్చి రెండు చేతుల వేళ్లతో అదిమాడో లేదో, సైరన్ మోగింది. లక్క ఆరేదాకా వేళ్లు తీయడానికి లేదు. ఈసారి ముచ్చెమటలు పట్టాయి. చంద్రమతమ్మ గబుక్కున నేల మీద చతికిలబడి, వీణను ఒళ్లోకి లాక్కుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఇల్లు అదిరింది. అటక మీది గిన్నె కిందపడి దొర్లింది. వీణ కదల్లేదు.

హంస మెడ మీద సన్నని గీత మిగిలింది.

“గీత కనబడ్తాంది. ఎవలన్న అడుగుతరమ్మా,” అన్నాడు.

“అడగనీ. మా ఊళ్లో విరిగిందని చెప్తాను.”

“మీ ఊళ్లెనా?”

“మరెక్కడయ్యా?” కసిరిందామె. “నా పిల్లలు పుట్టింది ఈ గోదావరిఖనిలోనే.”

కొమురెల్లి తల వంచుకున్నాడు. కళ్లు తుడుచుకుందామంటే వేళ్లు ఇంకా హంస మీదే ఉన్నాయి.