ఇల్లు కదలడం లేదట

"ఇల్లు కదలడం ఆగిపోయిందండీ. ఇక తవ్వక్కర్లేదు, మీరెవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అని గోడల డాక్టరు ఫోన్లో చెప్పగానే హాల్లో ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అంత మంచి కబురు విన్న ఇంట్లో ఎవరో ఒకరు ఎగిరి గంతెయ్యాలి. ఎవరూ వెయ్యలేదు. కొడుకు "చాలా సంతోషం సర్" అన్నాడు, పన్ను పీకించుకోబోతున్నవాడి గొంతుతో. తల్లి కొంగుతో నుదురు తుడుచుకుంది. కొత్త కోడలు చేతిలోని తువాలును చక్కగా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

గోడల డాక్టరంటే పునాదులు పరీక్షించే ఇంజినీరు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చిన్న సుత్తితో గోడను తట్టి, చెవి ఆనించి విన్నాడు. అది చూసి అత్తగారు "ఊపిరి గట్టిగా పీల్చమనండి దాన్ని" అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆయనకు అదే పేరు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, రెండూ ఒకే ఏడాది చూడమని ఎవరూ అనలేదు. వీళ్ళు చూశారు. కొత్త ఇంట్లోకి కొత్త కోడలు వచ్చింది. వచ్చాక అన్నీ ముద్దుగానే కనిపించాయి. తన పేరు రాసిన తపాలా డబ్బా, ఇద్దరి టూత్‌బ్రష్షులు ఒకే గ్లాసులో తలలు వాల్చుకుని ఉండటం, గదిలో భర్తను నువ్వు అని, గడప దాటగానే మీరు అని పిలవడం. చివరికి పడగ్గది కిటికీ పైన గోడలో మొదలైన సన్నని పగులు కూడా. పొద్దున్నే పక్కమీద పడుకుని ఇద్దరూ దాన్ని చూసి, ఇది నది, ఇది మేకగడ్డం అని బొమ్మలు వెతుక్కునేవాళ్ళు. ఎండలు ముదిరేసరికి మేకగడ్డం మెట్లు మెట్లుగా కిందికి దిగింది. అందులో గోరు దూరింది.

ఆ నేలది బంకమట్టి అని డాక్టరు చెప్పాడు. తడిస్తే పొంగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, పైన ఇల్లుందన్న మొహమాటం దానికి లేదు. పడగ్గది మూల కింద మట్టి ముడుచుకుని పునాది కుంగింది. కారుతున్న మురుగు గొట్టం బాగు చేయించాడు, గోడ చుట్టూ నీళ్ళు నిలవకుండా వాలు చేయించాడు. ఆ పైన కొన్నాళ్ళు చూద్దామన్నాడు. చూడటానికి మూడు గుర్తులు పెట్టాడు. ఒకటి, పగులుకు అడ్డంగా ప్లాస్టరుతో అతికించిన గాజు ముక్క. గాజుకు సాగడం తెలీదు, గోడ వెంట్రుకవాసి కదిలినా పగిలిపోతుంది. రెండు, చట్రానికి పట్టేస్తున్న వంటింటి తలుపు. మూడు, బయట గోడకీ ఎండిన మట్టికీ మధ్య విడిన సందు. ఈ మూడూ ముదిరితే మూల కింద తవ్వి కొత్త కాంక్రీటు దిమ్మెలు కట్టాలి. అప్పుడు కొన్ని నెలలు ఇల్లు ఖాళీ చెయ్యాలి.

ఖాళీ చేస్తే ఎక్కడికన్నది అప్పుడే తేలిపోయింది. అతను ఆఫీసు దగ్గర స్నేహితుడి గదికి, ఆమె అత్తగారితో కలిసి ఆడపడుచు ఇంటికి. ఆ మాట అతను చాలా తేలిగ్గా, చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. ఆమె తలూపింది. ఆ రోజు నుంచి గాజు ముక్క ఆమెకు కంట్లో నలుసైంది.

డాక్టరు నిన్న పొద్దున వచ్చి మూడు గుర్తులూ చూసి వెళ్ళాడు. ఈరోజు ఈ కబురు.

ఆమె గంతెయ్యకపోవడానికి కారణం ఉంది. పది పదిహేను రోజుల క్రితం, తనే కుట్టుకున్న పసుపు రంగు తెర కిటికీకి తగిలించి స్టూలు దిగి చూస్తే, గాజు ముక్క రెండయి ఉంది. తెర కమ్మీ తగిలిందా? తగిలినట్టు అనిపించలేదు. ముందే పగిలి ఉందా? ఎక్కేటప్పుడు చూడలేదు. ఎంత ఆలోచించినా అడకత్తెరలో పోకచెక్కలా అటూ ఇటూ కాకుండా ఉండిపోయింది. చివరికి పెళ్ళి ఫొటో చట్రంలోంచి అద్దం తీసి, ఫొటోలు కట్టే దుకాణంలో అంతే ముక్క కోయించి, అదే చోట అతికించింది. నిన్న డాక్టరు దాన్ని వేలితో నిమిరి "భేష్" అన్నప్పుడు తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

కానీ తలుపు అబద్ధం చెప్పదు గదా, సందు అబద్ధం చెప్పదు గదా అని ఇప్పుడు తనకు తనే సర్దిచెప్పుకుంది. రెండు నిజాల మధ్య ఒక అబద్ధం ఉంటే ఏం కొంప మునిగింది? ఆ ధైర్యంతో పెరట్లోంచి గుప్పెడు పుదీనా తుంచుకొచ్చి టీ పెట్టింది.

"నాకైతే ఆ వంటింటి తలుపే గట్టి నమ్మకమండీ," అంది కప్పులు అందిస్తూ. "ఎంత హాయిగా పడుతోందో."

భర్తకు పొలమారింది. తలుపుదేముంది, చెక్క ఒకప్పుడు ఉబ్బుతుంది, ఒకప్పుడు తగ్గుతుంది, నమ్మాల్సింది గాజునే అన్నాడు. గాజూ తలుపూ రెండూ బాగుంటే ఇక బయటి సందు ఊసెందుకని అత్తగారు అంది. అసలు ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

కోడలికి అయోమయంగా అనిపించింది. ఒక్కొక్కరూ ఒక్కో గుర్తును పక్కన పెట్టి మిగతావాటిని పొగుడుతున్నారు, అచ్చం తనలాగే. కప్పులు కడిగే నెపంతో వంటింట్లోకి వెళ్ళి తలుపు అంచు తడిమింది. మూడు వైపులా రంగు ఉంది, నాలుగో అంచున రంగు పోయి చెక్క బయటపడి ఉంది. తలుపు వెనక మూలలో చీపురుకు అందని చోట, ఉంగరంలా చుట్టుకున్న చెక్క పొట్టు ఒకటి దొరికింది.

పెరట్లోకి వెళ్ళింది. సందు ఉండాల్సిన చోట, గోడ పొడుగునా, వరసగా పుదీనా. రోజూ ఎంతో మురిసిపోతూ తుంచుకుంటున్న పుదీనా. అది ఎక్కడ మొలిచిందో ఇన్నాళ్ళూ తనకు తట్టనే లేదు. వేళ్ళు పెట్టి నొక్కితే వదులు మట్టిలోకి చెయ్యి మణికట్టు దాకా దిగిపోయింది.

మట్టి చేత్తో, చెక్క పొట్టుతో హాల్లోకి వచ్చి నిలబడింది.

"తలుపు చిత్రిక పట్టించావా నువ్వు?" అంది. అత్తగారి ముందు నువ్వు అన్న సంగతి ముగ్గురూ గమనించారు, ఎవరూ పట్టించుకోలేదు.

"రోజూ భుజంతో నెడుతున్నావు. భుజం కమిలిపోయింది, నేను చూశాను," అన్నాడతను నేలచూపులు చూస్తూ. "నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళిన ఆదివారం వడ్రంగిని పిలిచాను. గాజు ఎలాగూ ఉంది కదా అనుకున్నా."

"నేను మట్టి పోశానమ్మాయ్," అంది అత్తగారు, అడక్కుండానే. "కొత్త ఇంటికి ఆ నెర్రె ఏంటి అనిపించింది. పూడ్చాక బోసిగా ఉంటే నాలుగు కొమ్మలు గుచ్చా. తలుపూ గాజూ ఉన్నాయి గదా అని నేనూ అనుకున్నా."

ఇక మిగిలింది గాజు. ఇద్దరూ ఆశగా ఆమె వైపు చూశారు. ఆమె గదిలోకి వెళ్ళి బట్టల అడుగునుంచి అద్దం లేని పెళ్ళి ఫొటో తెచ్చి బల్లమీద పెట్టి, తెర తగిలించిన నాటి సంగతి చెప్పింది. ఫొటోలో ఇద్దరూ మాత్రం నిశ్చింతగా నవ్వుతున్నారు.

అత్తగారే ముందు నవ్వింది. "ఒరేయ్, మనం ముగ్గురం కలిసి డాక్టర్నే బోల్తా కొట్టించాం."

కొంచెంసేపు నవ్వుకున్నారు. నవ్వు ఆగాక, మరి ఇల్లు కదులుతున్నట్టా, కదలనట్టా అన్న ప్రశ్న ముగ్గురి మధ్యా మిగిలింది. కమ్మీ తగిలే గాజు పగిలి ఉంటే ఇల్లు క్షేమం. గోడ కదిలి పగిలి ఉంటే కాదు. రెండో గాజు ఇప్పటికైతే పగల్లేదు, కానీ దాని వయసెంత? ఆయనే బాగుందన్నాడుగా, వదిలేద్దాం అన్నాడు భర్త, తనకే నమ్మకం లేనట్టు. అత్తగారు "గాల్లో దీపం పెట్టినట్టుంది" అంది. ఏది అలా ఉందో మాత్రం చెప్పలేదు.

కోడలు గది గుమ్మంలో నిలబడి మేకగడ్డాన్ని చూసింది. దాని కింద మంచం, మంచం మీద రెండు దిండ్లు. ఈ గది వదలడం ఆమెకు ఇష్టం లేదు. ఈ గోడ కింద అతను నిద్రపోతుంటే తను మేలుకుని పగులు చూస్తూ గడపడం అంతకన్నా ఇష్టం లేదు. ఫోను తీసుకుంది.

గోడల డాక్టరుకు జరిగిందంతా చెప్పేసింది.

"బాగుందమ్మా," అన్నాడాయన. "పేషెంటు జ్వరం చూద్దామని వస్తే, ఇంట్లోవాళ్ళు థర్మామీటరు చన్నీళ్ళలో ముంచి ఇచ్చారు. పొద్దున చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. కదులుతోందని మాత్రం అనడం లేదు, ఏదీ అనడం లేదు. రేపు వస్తాను."

ఆమె ఫోను పెట్టేసి ఇద్దరి వైపూ తిరిగింది. చిత్రంగా మనసు తేలికపడింది, అయోమయం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

"రేపు పొద్దున ఆయన వచ్చేలోగా అత్తయ్యా నేనూ పుదీనా కుండీల్లోకి మార్చి సందు ఖాళీ చేస్తాం. మీరు మంచం ఆ గోడ దగ్గర్నుంచి హాల్లోకి లాగండి. ఆయన కొత్త గాజు అతికించాక దాని దరిదాపులకు ఎవరూ వెళ్ళొద్దు, నా తెరతో సహా. సాయంత్రం ముగ్గురం కలిసి ఈ చుట్టుపక్కల ఒక అద్దె ఇల్లు చూసొద్దాం. గాజు నిలిస్తే అవసరం ఉండదు. పగిలితే మాత్రం ముగ్గురం ఒకే చోటికి వెళ్తాం."