సగం కొట్టు ఆవిడదే

శుక్రవారంలోగా చేయాల్సినవి అని నమ్రత పచ్చ కాగితం మీద రాసుకున్నవి:

ఒకటి. కృష్ణకుమారి ఆంటీ చేత లీజు కాగితాలన్నీ చదివించాలి. తలూపితే చాలదు, చదవాలి.
రెండు. ఇన్సూరెన్స్ కాగితం తెప్పించాలి.
మూడు. ఇల్లు అమ్ముతున్న లొరెట్టా గారిని తాళాలు ఎన్ని ఉన్నాయో అడగాలి.
నాలుగు. బ్యాంకు వాళ్ళు ఆంటీ పనిచేసే కొట్టుకి ఫోన్ చేస్తారు. కోటేశ్వరరావు అంకుల్‌కి ముందే చెప్పి ఉంచాలి. ఆంటీ గురించి బాగా మాట్లాడమనాలి.
ఐదు. ఆంటీ వాళ్ళ అన్నయ్యకి ఇంకోసారి అర్థమయ్యేలా చెప్పాలి.
ఆరు. నాన్నకి ఫోన్ చేయాలి.

నాలుగోదాని కింద రెండు గీతలు గీసింది. మిగతా ఐదూ మర్చిపోయినా ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. కొంప ముంచబోయింది మాత్రం, అంత శ్రద్ధగా చేసిన ఆ నాలుగోదే.

వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి నమ్రత. దాటడంతో ఆగకుండా నగరాల ప్రణాళికలో మాస్టర్స్ కూడా చేసింది. నార్త్ కరోలినా రోడ్ల మీద ట్రక్కు నడిపే తండ్రి రంగయ్య, కూతురు ఏం చదివిందని ఎవరైనా అడిగితే "పెద్ద చదువే" అని మాట మార్చేసేవాడు. ఆమె ఉద్యోగం పైన్ క్రీక్ ల్యాండ్ ట్రస్ట్ అనే చిన్న సంస్థలో. తక్కువ జీతాల వాళ్ళ చేత సొంతిల్లు కొనిపించడం ఆమె పని. రంగయ్య స్నేహితులు ఆమెని రియల్ ఎస్టేట్ ఏజెంట్ అనుకుని, కమీషన్ ఎంత తగ్గిస్తావమ్మా అని ఫోన్లు చేసేవాళ్ళు. నమ్రత ఒక్కొక్కరికీ నలభై నిమిషాలు వివరంగా చెప్పేది. రెండోసారి ఎవరూ చేయలేదు.

ట్రస్టు పద్ధతి చెప్పుకోవడానికి పెద్ద కష్టమేం కాదు. కొనేవాళ్ళు ఇల్లు మాత్రమే కొంటారు. దాని కింద నేల ట్రస్టు పేరునే ఉంటుంది, తొంభై తొమ్మిదేళ్ళ లీజుకి వాళ్ళకిస్తారు. నేల ఖరీదు పోతుంది కాబట్టి ఇల్లు అందుబాటులోకి వస్తుంది. తర్వాత అమ్ముకోవాలంటే, పెట్టిన డబ్బూ, పెరిగిన విలువలో పావు వంతూ చేతికొస్తాయి. మిగతా ముప్పావూ ఆ ఇంట్లోనే ఉండిపోతుంది, తర్వాత వచ్చే చిన్న జీతగాళ్ళు కూడా కొనుక్కోగలిగేలా.

ఇంత చిన్న సంగతిని నమ్రత తెలుగువాళ్ళ పిక్నిక్‌లో నలభై రెండు స్లైడ్లతో చెప్పింది. చివర్లో ఒక పెద్దాయన చెయ్యెత్తి, "అయితే నేల మనది కాదా?" అన్నాడు. కాదంది. అందరూ బిర్యానీ లైన్‌లోకి వెళ్ళిపోయారు. ఒక్క కృష్ణకుమారి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆ బిర్యానీ వండింది ఆవిడే, తినాలన్న తొందరేమీ లేదు.

కృష్ణకుమారికి యాభై మూడేళ్ళు. తెనాలిలో భర్త పోయాక, అన్నగారు వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ పన్నెండేళ్ళకి ఫలిస్తే ఇక్కడికొచ్చింది. ఆరేళ్ళుగా మోరిస్‌విల్‌లో కోటేశ్వరరావు గారి సరుకుల కొట్టు వెనక వంటగదిలో పులిహోర, కజ్జికాయలు, పచ్చళ్ళు చేస్తోంది. ఉండేది అన్నగారింట్లో, గరాజ్ మీది గదిలో. ఆ అన్నగారికి ఉద్యోగం డాలస్‌కి మారింది. నెలాఖరుకి ఇల్లు అమ్మేసి వెళ్ళిపోతున్నాడు. ఈవిడ జీతంలో సగానికి పైగా పోస్తే తప్ప ఆ చుట్టుపక్కల ఒక గది కూడా అద్దెకి దొరకదు.

"నేల లేని ఇల్లేంటే, ఎవరన్నా వింటే నవ్వుతారు" అన్నాడట అన్నగారు.

"నీ గరాజ్ మీద గదికి మాత్రం నేలుందా అన్నయ్యా?" అందట ఈవిడ.

అలా రెండు గదుల ఇల్లొకటి కుదిరింది. లోన్ మంజూరు కూడా దాదాపు అయిపోయింది. శుక్రవారం సంతకాలు. మిగిలిందల్లా బ్యాంకు వాళ్ళు చివరిసారి యజమానికి ఫోన్ చేసి, ఈవిడ నిజంగా మీ దగ్గర పనిచేస్తోందా అని అడగడం. ఒక్క నిమిషం పని.

నమ్రత సోమవారమే ఫోన్ చేసింది. "అంకుల్, రేపో ఎల్లుండో బ్యాంకు నుంచి కాల్ వస్తుంది. ఆంటీ గురించి కొంచెం బాగా చెప్పండి."

"అది నువ్వు చెప్పాలా అమ్మా? నాకొదిలేయ్" అన్నాడు కోటేశ్వరరావు.

నమ్రత వదిలేసింది. కోటేశ్వరరావు మంచివాడు, అందులో సందేహం లేదు. అయితే ఆయన చేతుల మీదుగా పద్నాలుగు పెళ్ళి సంబంధాలు కుదిరాయి. ఫోన్లో ఎవరైనా ఒక మనిషి గురించి వాకబు చేశారంటే ఆయన నోరు దానంతటదే సంబంధాల దారి పడుతుంది. ఆ దారిలో గుమాస్తా ఆఫీసరవుతాడు, ఎకరం పదెకరాలవుతుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నమ్రతకీ తెలుసు. ఆమె మాస్టర్స్‌లో మాత్రం ఈ పాఠం లేదు.

బుధవారం మధ్యాహ్నం లోన్ ఆఫీసర్ ఫోన్ చేసింది. "మీ క్లయింట్ గంటల జీతం మీద వంట చేస్తారని రాశారు కదా. మేనేజర్ అంటున్నారు వాళ్ళ యజమాని."

"గౌరవంగా అని ఉంటారు" అంది నమ్రత.

"జీతం నెలకి ఆరు వేల డాలర్లకి తక్కువ ఉండదన్నారు."

నమ్రత కుర్చీలో కూర్చుంది. అప్పటికే కూర్చుని ఉంది, ఇంకొంచెం కూర్చుంది.

"సగం కొట్టు ఆవిడదే అని కూడా అన్నారు. వ్యాపారంలో వాటా ఉంటే రెండేళ్ళ కంపెనీ టాక్స్ కాగితాలు కావాలి. అసలు మీ ట్రస్టు ఇంటికి ఆవిడ అర్హురాలేనా?"

ఒక మనిషిని పేదగా చూపించాల్సిన చోటు కూడా ఒకటి ఉంటుందని కోటేశ్వరరావుకి జీవితంలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి 'బాగా చెప్పండి' అంది.

నమ్రత తనకి తెలిసిన వైద్యం చేసింది. ఐదు పేరాల ఈమెయిల్ రాసింది. అందులో తెలుగువారి సంభాషణా సంప్రదాయాల గురించే రెండు పేరాలు. లోన్ ఆఫీసర్ ఒక్క వాక్యంలో జవాబిచ్చింది: జీతం గంటకెంతో, వాటా లేదనీ యజమాని సంతకంతో ఉత్తరం కావాలి, అది అందాక మూడు పనిదినాలు. అంటే శుక్రవారం గోవిందా. ఒప్పందం గడువు దాటితే, అమ్మేవాళ్ళు పొడిగిస్తే తప్ప, ట్రస్టు నిబంధన ప్రకారం ఇల్లు కొనడానికి కాచుకున్నవాళ్ళ జాబితాలో రెండో పేరుకి వెళ్తుంది. ఆ నిబంధనని అరపేజీ నుంచి రెండు పేజీలకి పెంచి, ఏ సందూ లేకుండా పకడ్బందీగా రాసిన ఘనత కూడా నమ్రతదే.

గురువారం పొద్దున్నే కొట్టు తెరిచే వేళకి వెళ్ళింది. కృష్ణకుమారి వెనక వంటగదిలో కరివేపాకు దూస్తోంది. కోటేశ్వరరావు కౌంటర్ దగ్గర అగరుబత్తి వెలిగిస్తున్నాడు.

"చూశావా, ఎట్లా చెప్పానో? ఆ బ్యాంకు పిల్ల నోట మాట లేదు" అన్నాడు.

"నిజమే అంకుల్. ఆమెకే కాదు, నాకూ లేదు." నమ్రత జరిగింది చెప్పింది. మొదట ఈ దేశంలో గృహనిర్మాణ చరిత్రతో మొదలుపెట్టి, మధ్యలో తనకే సిగ్గేసి, అసలు విషయానికొచ్చింది. "మీరు నిజం రాసిస్తే చాలు. గంటకి పదహారున్నర డాలర్లు, వాటా లేదు, అంతే."

ఆయన మొహం మారింది. "పదహారున్నర అని కాగితం మీద పెడతారా ఎవరైనా? రేపది ఎవరి కంట్లోనైనా పడితే? మొన్న దసరా సభలో స్టేజీ మీద ఏమన్నాను? మా కొట్టులో పనివాళ్ళు లేరు, అందరూ కుటుంబమే అన్నాను."

"అందరూ చప్పట్లు కొట్టారు కూడా" అంది కృష్ణకుమారి, కరివేపాకు పళ్ళెం పట్టుకుని బయటికొస్తూ. అంతా విన్నట్టుంది. "రావు గారూ, సగం కొట్టు నాదేనటగా?"

"అదికాదమ్మా, మాటవరసకి…"

"ఆరేళ్ళయింది. ఒక్కనాడైనా నాకు చెప్పలేదేంటండీ? బ్యాంకు వాళ్ళు చెబితే తెలుసుకోవాల్సొచ్చింది. ఏ వైపు సగం నాది? పప్పుల వైపా, ఫ్రీజర్ల వైపా? ఫ్రీజర్లయితే నాకొద్దు, కరెంటు బిల్లు నేను కట్టలేను."

"చెల్లెమ్మా, నీ మంచి కోసమే అన్నాను."

"తెలుసు. మీరు చెడ్డగా అనుంటే నాకీ తిప్పలుండేవి కాదు." పళ్ళెం కౌంటర్ మీద పెట్టింది. గొంతులో ఎగతాళి పోయింది. "నెలాఖరుకి మా అన్నయ్య వెళ్ళిపోతున్నాడు. ఆ ఇల్లు రాకపోతే నేనెక్కడుంటానో నాకు తెలీదు. రెండు కాగితాలు తెస్తాను. ఒకదాని మీద సగం కొట్టు నా పేర రాయండి. లేదా రెండోదాని మీద పదహారున్నర అని రాయండి. ఏదైనా నాకు సమ్మతమే."

కోటేశ్వరరావు అగరుబత్తిని దేవుడి పటం ముందు గుచ్చాడు. తర్వాత కళ్ళజోడు తీసుకుని రెండో కాగితం మీద రాశాడు. సంతకం పెట్టేముందు, "వచ్చే వారం నుంచి పద్దెనిమిది చేస్తాను, అదీ రాయనా?" అన్నాడు.

"వద్దంకుల్!" నమ్రత కేకకి వాకిట్లో పావురాలు లేచిపోయాయి. "సంతకాలయ్యేదాకా ఆంటీని ఏ రకంగానూ బాగు చేయకండి. ప్లీజ్."

ఉత్తరం వెళ్ళింది. ఇక మిగిలింది లొరెట్టా గారిని గడువు అడగడం.

లొరెట్టా పెట్టిఫోర్డ్ అరవై ఎనిమిదేళ్ళ నల్లజాతి మహిళ. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరయింది. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ ఇంటిని ఇదే పద్ధతిలో కొనుక్కుంది. ఇప్పుడు గ్రీన్స్‌బరోలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. శనివారం ట్రక్కు బుక్ చేసుకుంది, డబ్బు కూడా కట్టేసింది. ఆవిడ ఒప్పుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. జాబితాలో రెండో మనిషి లోన్ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

నమ్రత లాప్‌టాప్‌తో, కృష్ణకుమారి కజ్జికాయల డబ్బాతో ఆ మధ్యాహ్నమే వెళ్ళారు. ఇల్లంతా అట్టపెట్టెలు. నమ్రత పెట్టె మీద లాప్‌టాప్ తెరిచి, "మూడు అంశాలు మీ దృష్టికి తేవాలని…" అని మొదలుపెట్టింది.

"అది మూసెయ్ తల్లీ. ఎన్ని రోజులు కావాలి?" అంది లొరెట్టా.

"మూడు పనిదినాలు. అన్నీ కలిపి చూస్తే వచ్చే గురువారం." అక్కడితో ఆగితే బాగుండేది. నమ్రతకి నిజాయితీ ఒక జబ్బు. "కానీ మీరు కాదంటే రేపే ఇంకొకరికి అమ్మొచ్చు. మీ డబ్బు మీకు ఆలస్యం కాకుండా వచ్చేస్తుంది. అది చెప్పడం నా బాధ్యత."

కృష్ణకుమారి డబ్బా మూత తీసి లొరెట్టా ముందు పెట్టింది, నమ్రత వైపు చూడకుండా.

లొరెట్టా ఒక కజ్జికాయ కొరికి కృష్ణకుమారిని చూసింది. "నీకు పూర్తిగా చెప్పారా? నువ్వు అమ్మేనాడు మార్కెట్ ధర రాదు."

కృష్ణకుమారి తనకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. "కొన్న ధర. పెరిగినదాంట్లో పావు. నాకు చాలు."

"కొన్ననాడు అందరం చాలనే అంటాం. నేనూ అన్నాను." లొరెట్టా వేళ్ళకంటిన పొడి దులుపుకుంది. "పక్కిల్లు పోయినేడాది ఎంతకి పోయిందో తెలుసా? మా మేనల్లుడు రోజూ చెబుతున్నాడు, అత్తా నువ్వు పిచ్చిదానివి అని. వాడి లెక్క తప్పేం కాదు. ఆ డబ్బు నాకూ పనికొచ్చేదే. రెండు రాత్రులు నిద్రపట్టలేదు, అబద్ధం ఎందుకు? కానీ అప్పుడు నాకు ఇల్లొచ్చింది ఎట్లాగంటే, నాకంటే ముందున్నామె ఇదే ధర ఒప్పుకుంది. ఆమె పేరు కూడా నాకు తెలీదు. అడగలేదు. తాళాలొచ్చిన సంతోషంలో ఉన్నాను."

నమ్రత పంతొమ్మిదేళ్ళ నాటి ఆ ఫైల్లో పేరు వెతికి పెడతానంది. తర్వాత నిజంగానే వెతికింది, 'విక్రేత' అని మాత్రమే ఉంది.

"మరి ట్రక్కు?" అంది కృష్ణకుమారి.

"ట్రక్కు శనివారమే వెళ్తుంది. సామాను దానిమానాన అది పోతుంది, నేనుంటాను. ఖాళీ ఇల్లు ఒంటరిగా వదిలితే బ్యాంకు వాడికీ బెంగ, ఇన్సూరెన్స్ వాడికీ బెంగ." నమ్రత తెచ్చిన గడువు పొడిగింపు కాగితం లాక్కుని సంతకం పెట్టింది. "ఆ డబ్బా మాత్రం ఇక్కడే ఉంచి వెళ్ళండి."

ఆ శనివారం నుంచి బుధవారం దాకా లొరెట్టా గాలి పరుపు మీద పడుకుంది. ఆదివారం ఆ పరుపుకి చిల్లు పడింది. ఎవరికీ చెప్పలేదు, గురువారం తాళాలిస్తూ నడుం పట్టుకుని నిలబడితే కృష్ణకుమారి అడిగి తెలుసుకుంది. బ్యాంకుకి ఏ అనుమానమూ మిగల్లేదు. ఆ పూట సంతకాలయ్యాయి. ఇల్లు కృష్ణకుమారిదైంది, నేల ట్రస్టుదిగానే ఉంది.

డిసెంబరులో నమ్రత సంస్థ వార్షిక నివేదిక రాసింది. లొరెట్టా గారి గురించి రెండు పేజీలు రాసింది. చాలా పొడుగుందని డైరెక్టర్ గారు కొట్టేశారు, పొడుగుందన్న మాట మాత్రం నిజమే. చివరికి ఆ సంగతంతా పట్టికలో ఒక వరుసైంది: 'చేతులు మారిన ఇళ్ళు: ఒకటి.' కృష్ణకుమారి ఫొటో వేశారు. కోటేశ్వరరావు గారికి ధన్యవాదాలు కూడా వేశారు, ఆయన దాన్ని ఫ్రేము కట్టించి కొట్టులో పెట్టుకున్నాడు.

నివేదికలో పట్టని పేరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం. ఆవిడ లొరెట్టా పెట్టిఫోర్డ్. బస్సు నడిపేది. అమ్మేనాడు కూడా కొన్ననాటి మాట మీదే ఉంది. చదివినవాళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకోండి.