గోడలకు మేకులు కొట్టరాదు

నేను ఒక వంద రూపాయల స్టాంపు కాగితాన్ని. పుట్టింది ప్రభుత్వ ముద్రణాలయంలో, పెరిగింది తణుకులో ఒక దస్తావేజు లేఖరి బల్ల సొరుగులో. నా తోబుట్టువుల్లో కొందరు స్థలాల అమ్మకాలకు, కొందరు విడాకులకు వెళ్లారు. నేను పచ్చళ్లలో పడ్డాను.

పచ్చళ్ల కొట్టు గవర్రాజు గారికి ఒకటే బెంగ. తన దగ్గర పచ్చళ్లు కలిపే భూలక్ష్మిని ఎదురు కొట్టువాళ్లు ఎగరేసుకుపోతారేమోనని.

"పదకొండు నెలలు కదలకుండా రాయవయ్యా, తొందరగా!" అన్నారు.

లేఖరి తొందరపడ్డాడు. కంప్యూటర్లో ఉన్న ఇంటి అద్దె ఒప్పందాన్నే తెరిచి, అద్దె ఉన్నచోట జీతం, ఇల్లు ఉన్నచోట ఉద్యోగం అని మార్చి నా మీద అచ్చు కొట్టేశాడు. అన్నిచోట్లా మార్చలేదు. గవర్రాజు గారు చదవలేదు. డబ్బిచ్చి రాయించిన కాగితాన్ని మళ్లీ తానే చదువుకోవడం ఆయన దృష్టిలో దండగ.

భూలక్ష్మి మాత్రం నిలబడి ఆసాంతం చదివింది. ఏడు అద్దె ఇళ్లు మారిన మనిషి, నన్ను పాత చుట్టంలా గుర్తుపట్టింది. పెదవి బిగించి నవ్వాపుకుని సంతకం చేసింది.

ఆరు నెలలు తిరిగాయి. ఆమె కలిపే పాళ్లన్నీ గవర్రాజు గారు పక్కన కూర్చుని నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆయన బావమరిదికి పచ్చళ్ల మీద ప్రేమ పుట్టింది.

"రేపట్నుంచి రానక్కర్లేదమ్మా భూలక్ష్మీ."

ఆవకాయ రోజులు. కొట్లన్నీ ఈపాటికే మనుషుల్ని కుదుర్చుకున్నాయి. ఇప్పుడు బయటపడితే మళ్లీ ఏడాదిదాకా పని దొరకదు. అయినా ఆమె గొంతు పెరగలేదు.

"అలాగేనండి. ఓసారి సొరుగులో కాయితం తీసి పదో షరతు చదవండి."

నన్ను తీశారు. 'రెండు నెలల ముందస్తు నోటీసు లేనిదే ఖాళీ చేయించరాదు.'

"నిన్ను కట్టెయ్యడానికి కదమ్మా ఇది రాయించిందీ!"

"తాడుకి రెండు కొసలుంటాయండి బాబూ."

రెండు నెలల నోటీసు గడువు మొదలైంది. ఆవకాయ కలిపే పని మాత్రం బావమరిది అందుకున్నాడు. పుస్తకంలో 'ఉప్పు మూడు దోసిళ్లు' అని ఉంది. అవి భూలక్ష్మి దోసిళ్లు. అతని చేతులేమో చేటలు. కొన్నవాళ్లు సీసాలు పట్టుకుని వరసకట్టారు.

"సముద్రాన్ని జాడీకెత్తావేంటయ్యా?"

గడువుకి ఇంకా తొమ్మిది రోజులుండగా గవర్రాజు గారు దిగొచ్చారు.

"నోటీసూ లేదు, ఏమీ లేదు. ఉండిపోమ్మా. కావాలంటే కొత్త కాగితం రాయిద్దాం."

"కొత్తదెందుకండి? ఇదే బాగుంది. గోడకి పెట్టండి, అందరికీ కనపడుద్ది."

అలా నేను అద్దం బిగించిన చట్రమెక్కి, జాడీల పైన గోడ మీద స్థిరపడ్డాను. గవర్రాజు గారే స్వయంగా స్టూలెక్కి, ఠంగుఠంగుమని మేకు కొట్టి మరీ తగిలించారు. 'గోడలకు మేకులు కొట్టరాదు' అన్నది నా పన్నెండో షరతు. ఆయన ఇంకా పదో షరతు దాటి చదవలేదు.

కింద స్టూలు పట్టుకున్న భూలక్ష్మి పెదవి బిగించి నవ్వాపుకుంది.