ఏడో దేశంలో నాకో కిటికీ

నేను ఒక ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌ని. నవ్వకండి. మీలో ఆరు విదేశాలు తిరిగివచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి, చూద్దాం. నేను తిరిగాను. సింగపూర్, మలేసియా, థాయిలాండ్, దుబాయ్, శ్రీలంక, ఇండోనేసియా. ఆరు దేశాల్లోనూ నేను చూసినవి ఆరు బాత్‌రూములు. ఏ దేశంలో ప్లగ్గు అద్దం పక్కన ఉంటుందో, ఏ దేశంలో తలుపు వెనకాల ఉంటుందో అడగండి, చెబుతాను. అంతకుమించి అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

పుట్టింది కోయంబత్తూరు పక్కన ఒక రేకుల షెడ్డులో. అమ్ముడుపోయింది కాకినాడ మెయిన్ రోడ్డులో. షాపతను నా మూత మీద చప్పుడయ్యేలా కొట్టి, "పదిమందికి సునాయాసంగా వండేస్తాదండి, మీ మనవల పెళ్ళిళ్ళ దాకా మన్నుతాది" అన్నాడు. ఏ వంటింటి గట్టు మీదో దర్జాగా కూర్చుంటాననుకున్నాను. నా మొహం! నన్ను కొన్నది జోగారావు మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, పద్నాలుగు మంది విశ్రాంత ఉపాధ్యాయులున్న ఒక యాత్రా సంఘానికి కార్యదర్శి. నన్ను కొన్నదే ప్రయాణాల కోసం. ఏ దేశం వెళ్ళినా పరాయి మెతుకు ముట్టకూడదన్నది ఆయన వ్రతం. మరి దేశం దాకా వెళ్ళడం దేనికయ్యా అంటే, ఫోటో దిగడానికి.

హోటల్ గదుల్లో వండకూడదని ప్రతి దేశంలోనూ గోడ మీద రాసే ఉంటుంది. పిల్లలకి ముప్పై అయిదేళ్ళు క్రమశిక్షణ నేర్పిన ఈ మహానుభావులు ఆ కాగితం మీద తువ్వాలు ఆరేస్తారు. గది కప్పుకి పొగ పసిగట్టే బిళ్ళ ఉంటుంది కాబట్టి నన్ను బాత్‌రూములో పెట్టి, తలుపు కింద దుప్పటి కుక్కుతారు. నాతోబాటు లోపల బందీ అయ్యేది ఇంకొకరు. మాస్టారి భార్య మాణిక్యాంబ గారు. పద్నాలుగు మందికి రెండు వాయిలు అన్నం, ఒక వాయి పప్పు, పులిహోర కలపడం, గిన్నెలు కడగడం. అంతా అయ్యేసరికి వ్యాను హారన్ కొడుతుంది. "నువ్వు అలిసిపోయావు మాణిక్యం, రెస్టు తీసుకో" అని మాస్టారు ఎంతో ఉదారంగా చెప్పి వెళ్ళిపోతారు. ఆవిడ కమోడు మూత మీద కూర్చుని రాత్రి వంటకి చింతపండు నానబెడుతుంది. ఆరు దేశాలూ ఆవిడ ఇలాగే తిరిగింది. నా సంగతి సరే, నేను ఇనుమూ అల్యూమినియమూను. ఈ మనిషి ఒక్క దేశమైనా కళ్ళారా చూస్తుందా అన్నదే నాకు బెంగ.

ఏడోసారి సుభాషిణి టీచరు లావోస్ అంది. సోషల్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. మీటింగులో ఆ పేరు చెప్పగానే అందరూ పళ్ళు తోమకుండా వచ్చినవాళ్ళని చూసినట్టు చూశారు.

"లావోసా? అక్కడేముందండీ చూడ్డానికి?" అన్నారు మాస్టారు.

"ముప్పయ్యేళ్ళు మ్యాపులో బెత్తంతో చూపించానండీ. ఒక్కసారి కాలితో తొక్కాలనుంది" అంది టీచరు.

మాస్టారు ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. చివరి సాయంత్రం చేతులెత్తాలి. రావలసినంత దేశం కాదని ఎక్కువమంది అంటే సుభాషిణి గారు ఇక ఏ యాత్రకీ పేరు సూచించకూడదు. ఒక దేశాన్ని పాస్, ఫెయిల్ చెయ్యడం వీళ్ళకి అలవాటైన పనే కదా. బయలుదేరేముందు టీచరు మాణిక్యాంబ గారి చెయ్యి పట్టుకుని, "ఈసారైనా ఆ బాత్‌రూము లోంచి బయటికి రండి వదినా" అంది. ఆవిడ నవ్వి, నా వైరు చుట్టచుట్టి సంచిలో పెట్టింది.

అన్నమే ఊపిరిగా బతికే దేశానికి మావాళ్ళు పదిహేను కిలోల సోనా మసూరీ మోసుకెళ్ళారు. ఎంత తెలివో చూడండి. లువాంగ్ ప్రబాంగ్ అనే ఊళ్ళో మెకాంగ్ నది ఒడ్డున ఖమ్లా అనే ఆవిడ నడిపే చిన్న బసలో దిగారు. మామూలుగానే నేను బాత్‌రూముకి. సాయంత్రాలు గోడ అవతల నుంచి మావాళ్ళ తీర్పులు వినబడేవి. జలపాతం చూసొచ్చి, "నీళ్ళు నీలంగా ఉన్నాయి, సరే, ఆ తర్వాత?" అన్నారు. కొండెక్కొచ్చి, "కొండలు మనకి లేవా?" అన్నారు. పూర్వం దీన్ని పదిలక్షల ఏనుగుల రాజ్యం అనేవారని గైడు చెబితే, "ఏవయ్యా, ఒక్కటీ కనబడదే!" అని మాస్టారు వాడి మీద ధ్వజమెత్తారట. ఎత్తైన టవరు లేదు, బంగారం కొట్ల బజారు లేదు, ఫోటో వెనకాల పెట్టుకోడానికి ఏమీ లేదు. పాపం, ఆ దేశానికి సిగ్గయినా లేదు, తన పాటికి తను ప్రవహిస్తోంది.

ఆ ఊళ్ళో తెల్లవారుతూనే బౌద్ధ భిక్షువులు వరసగా నడిచి వస్తారు. జనం వీధి వారన కూర్చుని, వెదురు బుట్టలోని బంకన్నం చిన్న చిన్న ముద్దలుగా ఒక్కొక్కరి పాత్రలో వేస్తారు. అందరికీ అందాలని చిటికెడే వేస్తారు. ఎవరూ మాట్లాడరు. ఆఖరి రోజు మనమూ వేద్దామంది సుభాషిణి టీచరు. ఖమ్లా తన బుట్ట ఇవ్వబోయింది.

"ఆ ముద్దన్నం ఏం పెడతామండీ! మన సోనా మసూరీ పెడదాం, మల్లెపువ్వులా ఉంటుంది. పాపం, అడుక్కు తినేవాళ్ళు, కడుపు నిండా పెడదాం" అన్నారు మాస్టారు.

ఖమ్లా చేత్తో ముద్ద చేసి చూపించింది, పొడన్నం వద్దని తల ఊపింది. వింటేనా! అలా, నా జన్మలో మొదటిసారి, నా నిండా అన్నం వండి, నన్ను తువ్వాల్లో చుట్టి వీధిలోకి తెచ్చారు. మోసింది మాణిక్యాంబ గారే. ఇద్దరం ఒక్కసారే వాకిలి దాటాం. చల్లగాలి తగిలి ఆవిడ ఆగిపోయింది. "అబ్బ!" అంది. అంతే. ఆ ఒక్క మాటకి నా మూత కదిలింది.

భిక్షువులు వచ్చారు, కాషాయం కట్టుకుని, చెప్పుల్లేకుండా, చాలా పొడుగు వరస. మాస్టారు చేత్తో వెయ్యబోయారు, వేళ్ళు కాలాయి, సగం మెతుకులు నేల పాలయ్యాయి. "హస్తం ఇలా ఇవ్వు" అని భార్య దగ్గర అన్నం వడ్డించే హస్తం లాక్కుని, పెళ్ళి పంక్తిలో వడ్డించినట్టు ఒక్కొక్కరికీ దిమ్మరించారు. ఎనిమిదో భిక్షువుకల్లా నా అడుగు కనబడింది. వెనకాల ఇంకా నలభై మంది ఉన్నారు. మాస్టారి దగ్గర ఒక్క మెతుకు లేదు. ఏం చెయ్యాలో తోచక ఖాళీ కుక్కర్ ముందు పెట్టుకుని, చేతులు జోడించి అలాగే కూర్చుండిపోయారు.

అక్కడ ఇంకో ఆచారం ఉంది. తమకి వచ్చినదాంట్లోంచి భిక్షువులు, ఖాళీ బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్న పేదవాళ్ళకి వేస్తారు. ఒక ముసలి భిక్షువు ఆగాడు. ఖాళీగా ఉన్న నన్ను చూశాడు, జోడించిన చేతులు చూశాడు. తన పాత్రలోంచి ఒక ముద్ద తీసి నాలో వేశాడు. వెనకాలాయన కూడా వేశాడు. ఆ వెనకాలాయన అరటిపండు వేశాడు.

మాస్టారి మొహం చూడవలసిందే. "అయ్యో, మేం పెట్టేవాళ్ళమండీ! పుచ్చుకునేవాళ్ళం కాదండీ!" అని గుసగుసగా తెలుగులో మొత్తుకున్నారు. వాళ్ళకి తెలుగు రాదు. వేస్తూనే వెళ్ళారు. హెడ్మాస్టరు గారి ఎదుట నేను నిండిపోయాను. ఇన్నేళ్ళలో నేను ఇంత ఆనందంగా నిండింది లేదు.

మాణిక్యాంబ గారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై రెండేళ్ళుగా అందరికీ వండుతున్న మనిషికి, వేరే ఎవరో వండి, చేత్తో ముద్ద చేసి పెట్టారు. ఆవిడ గదికి రాలేదు. నన్ను చంకనెత్తుకుని నది దాకా నడిచింది, పడవలు చూసింది, మెట్ల మీద కూర్చుని ఆ ముద్దలు తింది. సుభాషిణి టీచరు పక్కన కూర్చుంది. ఎండెక్కేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. మధ్యాహ్నం పద్నాలుగు మందీ అటుకులు నానబెట్టుకుని తిన్నారు. చావలేదు.

సాయంత్రం వరండాలో ఓటింగు. "నది ఉంది, గోదావరి మనకీ ఉంది. గుళ్ళున్నాయి, మనకీ ఉన్నాయి. రావలసినంత దేశమే అనేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు మాస్టారు. పొద్దున్న జరిగిన సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. సుభాషిణి టీచరు చెయ్యి ఒక్కటే లేచింది. మాస్టారు నవ్వబోతుండగా గుమ్మంలోంచి ఇంకో చెయ్యి లేచింది. అన్నం హస్తం పట్టుకున్న చెయ్యి.

"నువ్వేం చూశావు మాణిక్యం? రోజూ గదిలోనేగా ఉన్నావు!"

"ఒక్క పూట చూశానండి. ఆ పూటకే ఎత్తాను. ఆరు దేశాలు తిప్పారు, ఏ దేశం ఎలా ఉందని ఒక్కసారైనా అడిగారా నన్ను?"

మాస్టారు గబగబా చేతులు లెక్కపెట్టడంలో పడ్డారు. అడిగి ఉంటే కదా చెప్పడానికి! అయినా లెక్క లెక్కే. పదమూడు మంది కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. లావోస్ ఫెయిల్. వచ్చే ఏడు మళ్ళీ సింగపూరే అని మాస్టారు ప్రకటించి, "ఆ కుక్కర్ తుడిచి పెట్లో పెట్టు" అన్నారు.

ఆవిడ తుడిచింది. పెట్లో పెట్టలేదు. ఖమ్లా వంటింటికి తీసుకెళ్ళి, వెదురు బుట్ట పక్కన పెట్టి, వైరు కూడా చుట్టి ఇచ్చేసింది.

"అదేంటి? సింగపూర్‌లో ఏం తింటాం?" మాస్టారి గొంతులో నిజంగానే భయం.

"అక్కడివాళ్ళేం తింటున్నారో అడిగి తినండి. నేను మటుకు చూడ్డానికి వస్తాను."

వెళ్ళేముందు ఆవిడ నా మూత మీద అరచెయ్యి ఒకసారి ఆనించింది. ఆ చెయ్యి మొదటిసారి తడిలేకుండా ఉంది.

ఖమ్లాకి నాతో పనేముంటుంది? ఆవిడ అన్నం ఆవిరి మీద, బుట్టలో ఉడుకుతుంది. నాలో వెల్లుల్లిపాయలు పోసుకుంది. ఎలక్ట్రిక్ వస్తువుకి ఇంతకన్నా అప్రతిష్ఠ ఉండదు. కానీ నన్ను పెట్టిన అల్మరా ఎదురుగా కిటికీ ఉంది. పొద్దున్నే భిక్షువులు వెళతారు. తర్వాత పడవలు. మధ్యాహ్నం నది రంగు మారుతుంది, సాయంత్రం మళ్ళీ మారుతుంది. వానాకాలంలో ఒడ్డు మీది మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి. ఆవిడ కూర్చున్న మెట్టు ఏదో నాకు గుర్తే. రోజూ చూస్తాను.

చూడ్డానికి ఏమీ లేదట!