సుద్ద మీద రంగు నిలవదు

ఏడో అంతస్తు గోడ నుంచి తలుపు రెక్కంత పెచ్చు ఊడింది. కింద కూర్చుని లప్పం కలుపుతున్న పిన్ని మీద పడింది. కేక పెట్టే వ్యవధి కూడా లేదు. మేం పరుగెత్తి పెచ్చు లేపేసరికి ఆమె వేళ్ల మధ్య లప్పం ఇంకా గట్టిపడలేదు. ఆమె మాత్రం చల్లబడిపోతోంది.

పట్టపగలు, నలభై మంది చూస్తుండగా జరిగిన చావు ఇది. పైన యంత్రం ఆగలేదు. ఇనుప తాళ్లకు వేలాడుతూ, ఎడమ నుంచి కుడికి జరుగుతూ, బుస్సుమని తెల్లరంగు చిమ్ముతూనే ఉంది. పెచ్చు ఊడిన గుంటలోనూ ఒక పూత పూసి ముందుకు పోయింది.

"ఆపరా దాన్ని! మనిషి పోయింది కింద!" యంత్రం నడిపేవాడి మీద అరిచాం.

యంత్రం రాకముందు ఆ గోడలు మావి. కాగితాల్లో కాదు, చేతుల్లో. పైనుంచి తాడు వేసుకుని, దానికి కట్టిన పలక మీద కూర్చుని దిగేవాళ్లం. తాడూ బొంగరం లేనివాళ్లని మమ్మల్నెవరూ అనలేరు, తాడైనా ఉండేది. రంగు వేసే ముందు లప్పం రేకు పిడితో గోడంతా తట్టి చూస్తాం. గట్టి గోడ 'టక్' అంటుంది. లోపల పట్టు వదిలిన గోడ 'డొబ్' అంటుంది. డొబ్‌మన్నచోట ఎర్ర సుద్దతో ఇంటూ గుర్తు. తాపీవాళ్లు వచ్చి ఆ పెచ్చు కొట్టేసి మళ్లీ పూసేదాకా అక్కడ రంగు పడదు. ఈ విద్యలో మాకు గురువు, పిన్ని మొగుడు టకటక బాబాయి. ఆయన పిల్లనిచ్చేముందు అల్లుడి బుర్ర కూడా తట్టి చూశాడని పిన్నే చెప్పి నవ్వేది.

ఆ గుర్తులంటే కాంట్రాక్టరుకు ఒళ్లంతా దద్దుర్లు. ఒక్కో గుర్తుకూ పని రెండు రోజులు ఆగుతుంది మరి. "రోగం గోడకి కాదయ్యా, మీ చేతులకి" అనేవాడు. బాబాయి ఉత్తరం గోడ నిండా గుర్తులు పెట్టిన మర్నాడే లారీలోంచి యంత్రం దిగింది. మేం తాళ్ల మీంచి దిగాం. కొందర్ని కింది పనులకు ఉంచి మిగతావాళ్లను పొమ్మన్నాడు. యంత్రం రోజుకు నాలుగంతస్తులు కొడుతుంది. తట్టదు, అడగదు, టీ తాగదు. పైన పటారం అమ్ముకునేవాడికి లోన లొటారంతో పనేముంది? కానీ ఆ గోడ కిందే మా రేకుల షెడ్లు. మా పిల్లలు పడుకునేది అక్కడే.

కాంట్రాక్టరు ఇంజనీరును వెంటేసుకుని వచ్చాడు. పిన్ని వంక ఒకసారి, గోడ వంక రెండుసార్లు చూశాడు.

"హెల్మెట్ లేకుండా అక్కడెవడు కూర్చోమన్నాడు? గోడ బాగానే ఉంది. బాగాలేదని నాకెవరూ చెప్పలేదు."

మాలో కుర్రకారు అప్పటికే ఇనప చువ్వలు పట్టుకున్నారు. "ముందు యంత్రాన్ని తుక్కు చేద్దాం రండిరా!" యంత్రం నడిపే మనిషిని కాలర్ పట్టి ఈడ్చుకొచ్చారు. అతను చేతిలోని పెట్టె మీద మీట నొక్కి యంత్రాన్ని ఆపాడు.

"నేనూ రోజుకూలీనే అన్నా. కొట్టండి, కానీ నా మాట విని కొట్టండి."

బాబాయి పిన్ని పక్కన కూర్చుని ఉన్నాడు. మెల్లగా ఆ పెచ్చులోంచి విరిగిన ఓ ముక్కను ఒళ్లోకి లాక్కున్నాడు. నడుముకున్న లప్పం రేకు తీసి గీకాడు. తెల్లరంగు ఉల్లిపొరలా లేచొచ్చింది.

"సుద్ద మీద రంగు నిలవదు" అన్నాడు.

పొర కింద ఎర్రటి ఇంటూ.

"ఎవరూ చెప్పలేదా? మరిదేంటి? నా చెయ్యి ఇది. నే గుర్తు పెట్టిన పెచ్చే నా ఇంటిదాన్ని చంపింది."

"ఇప్పుడే గీసుంటావ్" అన్నాడు కాంట్రాక్టరు.

"రంగు కింద గీయడానికి మేమేమన్నా గారడీవాళ్లమా దొరా?" అంది తాపీ మేస్త్రి పెళ్లాం.

మీటలతను నోరు విప్పాడు. "నాకు ఈ పెట్టె తెర మీద కనబడ్డాయన్నా. ఎర్ర గుర్తులున్నాయి సార్ అంటే, తెల్లరంగు ఉన్నదెందుకురా, కొట్టెయ్ అన్నాడు ఈ కాంట్రాక్టరే."

చువ్వలు లేచాయి. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"యంత్రం చెవిటిది రా. దాన్ని కొడితే దానికేం వినపడుద్ది? చెవులుండీ విననోడు వీడు. పైన ఇంకెన్ని పెచ్చులున్నాయో, మన పిల్లల నెత్తిన."

"మరేం చేద్దాం బాబాయ్?"

"గోడ తడదాం. అందరం."

పని పోయినవాళ్లు కూడా కబురందుకుని వచ్చారు. ముప్పై తాళ్లు జారాయి. పైన తాళ్లు పట్టింది తాపీవాళ్లు, ఇటుకల వాళ్లు. ఆడవాళ్లు షెడ్లు ఖాళీ చేసి, కొనేవాళ్లకు చూపించే నమూనా ఫ్లాటు తాళం పగలగొట్టి, ముందు దాని సీలింగు తట్టి చూసి, అప్పుడు పిల్లల్నీ, పిన్నినీ లోపలికి చేర్చారు.

ముప్పై పిడులు ఒక్కసారి మోగాయి. టక్. టక్. డొబ్. గోడలకు చెవులుంటాయంటారు, ఆ పూట గోడకు నోరొచ్చింది. డొబ్‌మన్న ప్రతిచోటా తడి తెలుపు మీద ఎర్ర ఇంటూ. రోడ్డు మీద జనం ఆగిపోయారు. ఫ్లాటు కొనడానికొచ్చిన ఒకాయన కారు దిగి లెక్కపెట్టడం మొదలెట్టాడు.

"కొట్టరా రంగు! కప్పెయ్ అవన్నీ!" కాంట్రాక్టరు గొంతు చిరిగిపోయింది.

మీటలతను పెట్టె తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు. "మీరే నొక్కండి సార్. పైన మనుషులున్నారు."

ఆయనకు ఏ మీట దేనికో తెలీదు.

పోలీసులు మాత్రం దారి తెలిసినట్టే వచ్చారు. మనిషి పోయినందుకు కాదు, గోడ పాడైనందుకు! పడిపోయే గోడను పాడుచేశామట. తాళ్లు దిగినవాణ్ని దిగినట్టు వ్యాన్ ఎక్కించారు. మీటలతన్నీ ఎక్కించారు. పిన్నిని సాగనంపి వస్తానని బాబాయి అడిగాడు. వీల్లేదన్నారు. ఆయన ఆ పెచ్చు ముక్కను వదల్లేదు. లాక్కోబోయిన కానిస్టేబుల్ చేతులకు ఎర్ర సుద్ద అంటింది.

"నువ్వెళ్లు బాబాయ్, పిన్ని మా మనిషి" అని నమూనా ఫ్లాటు గుమ్మంలోంచి ఆడవాళ్లు అరిచారు. వాళ్లను దాటి లోపలికి వెళ్లడానికి పోలీసులకు ఇంకా ధైర్యం చాల్లేదు.

వ్యాన్ కదిలింది. మలుపులో కడుతున్న ఇంకో భవనం. దానికీ ఓ తెల్ల యంత్రం వేలాడుతోంది, కదలకుండా. దాని పక్కన తాళ్ల మీద ఎవరో మేం ఎరగనివాళ్లు.

టక్. టక్. డొబ్.

బాబాయి కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత కిటికీ జాలీకి నోరానించి, మెడనరాలు తేలేలా అరిచాడు:

"మూడో అంతస్తు, కిటికీ కింద! గుర్తెట్టండ్రా!"